గలాసు ఇటియ్యి

నెల్లిమర్ల జూట్ మిల్లు గేటు ఎదురుగా
అచ్చియ్యమ్మ టీ బడ్డీ.
పొయ్యి గోడ వైపు, జనం రోడ్డు వైపు.
పాల మీంచి కన్ను తీస్తే పొంగిపోతాయి కనక
ఎవరొచ్చినా ఆమె వీపు దగ్గరికే వచ్చేవారు.

షిఫ్టు దిగిన మగ్గాల వాళ్లు
చెవుల్లో ఇంకా మగ్గాలు ఆడుతుండగానే వచ్చేవారు.
ఏళ్ల తరబడి ఆ రొదలో నిలబడ్డాక
సగం మందికి మాట సగమే చేరేది.
ఒక్కడూ ఒప్పుకునేవాడు కాదు.
పంచదార వెయ్యనా అంటే ఊఁ.
మానేయనా అంటే ఊఁ.
నీ సైకిలు ఎవడో ఎత్తుకుపోతున్నాడు అన్నా ఊఁ.

"ఇనబడతందా అని నానడగను బావూ,
అడిగితే అందరూ ఇన్నోళ్లే.
గలాసు ఇటియ్యి అంతాను, ఎనక్కి సూడకండా.
నా సేతికొచ్చిందా, ఇన్నాడు.
రాలేదా, అప్పుడు తిరుగుతాను."

సెలవుల్లో అక్కడ గ్లాసులు కడిగేవాణ్ని.

ఇప్పుడు విజయనగరంలో, రింగు రోడ్డు పక్క మేడ గదిలో,
అలాంటి మిల్లువాళ్లకే
పీఎఫ్ బకాయిలు చూపించే పేజీ రాస్తున్నాను.
సర్వర్లో కూచున్న నా ప్రోగ్రాముకి కళ్లు లేవు,
ఉన్నదంతా వీపే.
తలుపు తట్టిన బ్రౌజరు పేరు చెప్తుంది,
తన పేరు, తాత పేరు,
పరువు కోసం పక్కింటాయన పేరు కూడా తగిలించి
బారెడు పొడుగు.
స్క్రిప్టు నడుస్తుందా లేదా
అందులో ఎక్కడా ఉండదు.
అదీ ఊఁ అనడమే.

అందుకని ఫారంలో ఒక గడి దాచాను.
లోపల సున్నా.
పక్కన ఒక్క ముక్క స్క్రిప్టు:
ఆ సున్నాని ఒకటి చెయ్యి.
ఫారం తిరిగొచ్చినప్పుడు ఒకటి ఉంటే
గ్లాసు చేతికొచ్చినట్టు.
కానీ మొదటి పేజీ గుడ్డిగానే పంపాలి,
దానికి మందు లేదు.
మొదటి టీ అందరికీ ఒకేలా కాచినట్టే.

వినని వాడి గ్లాసు మెడకి
ఆమె జనపనార పోగు చుట్టేది, మర్నాటికి గుర్తుగా.
సోమవారం వస్తే పోగులన్నీ విప్పేసేది.
జలుబు చేసిన చెవి ఉంటుంది, తగ్గిన చెవి ఉంటుంది,
నిన్నటి చెవి ఇవాళ ఉంటుందని ఏటి నమ్మకం?
నేనూ నా పోగుకి గడువు పెట్టాను.

మిల్లుకి తాళం పడిన రోజు
చీమ చిటుక్కుమన్నా వినే లోడగల సూరప్పడు
గ్లాసు ఇవ్వలేదు.
అచ్చియ్యమ్మ తిరిగి చూసింది.
రెండు చెవుల్లోనూ పత్తి.
ఎవరి మాటా వినబుద్ధి కాక తనే పెట్టుకున్నాడు.
తియ్యమనలేదు ఆమె.
పంచదార చెంచా ఎత్తి చూపించి, కనుబొమ్మలు ఎగరేసింది.
అతను రెండు వేళ్లు చూపించాడు.

నిన్న రాత్రి ఒంటి గంట దాటాక
లాగ్‌లో ఒక సున్నా.
పాత ఫోనో, మధ్యలో తెగిన నెట్టో,
పత్తి పెట్టుకున్న మనిషో,
ఇక్కణ్నుంచి తెలీదు.
తిరిగే చక్రం, రంగుల పట్టిక తీసేసి
పేరు, ఏడాది, రూపాయలు,
ఉత్త అక్షరాల్లో మూడు వరసలు పంపేలా
ముందే రాసి ఉంచాను.
వెళ్లాయి.

పొద్దున్నే మా టీం లీడు కిల్లి ధర్మారావు ఆ సున్నా చూసి
"ఒక్కడి కోసం ఇంత పనా?" అన్నాడు.
టీ కలుపుతూ
అచ్చియ్యమ్మ సంగతి మొదట్నుంచీ చెప్పాను,
పోగులూ, పత్తీ, చెంచా, అన్నీ.
ఫోను చూసుకుంటూ
ఊఁ అన్నాడు.

నేను గోడ వైపు తిరిగాను.
"గలాసు ఇటియ్యి."